దయ్యపుగిన్నెకు తగిన కుక్క

హ్యూబర్ట్ ట్రాంటర్ కుక్క మాస్ వేసవి మొదట్లో పోయింది. నెటిల్‌హోప్ లోయలో మనిషి పోతే పరామర్శకు వచ్చినవాళ్లు వాన గురించీ గొర్రెల గురించీ మాట్లాడి, టీ తాగి వెళ్తారు. కుక్క పోతే మాత్రం నిజంగా ఏడుస్తారు. హ్యూబర్ట్ భార్య ఎడిత్ పోయినప్పుడు కన్ను తడవని పెద్దమనుషులు కూడా మాస్ కోసం జేబురుమాళ్లు తీశారు. తీసి, ముక్కు చీది, రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగారు, మరి ఈసారి ఏ జాతి అని.

అడగడానికి కారణముంది. ఆ లోయ రైతులంతా కలిసి నవంబరు నుంచి చలికాలమంతా ఫెజెంట్లనే పొడుగు తోకల అడవికోళ్లను వేటాడతారు. కొందరు తుపాకులు పట్టుకుని గట్టుమీద వరసగా నిలబడతారు. మిగిలినవాళ్లు కర్రలతో, కుక్కలతో కింది నుంచి పొదలు తడుముతూ పక్షుల్ని అదిలించుకుంటూ వస్తారు. హ్యూబర్ట్ చిన్నప్పటి నుంచీ ఆ అదిలింపు వరసలోనే ఉన్నాడు. తుపాకీ మీద అతనికి ఏనాడూ మోజు లేదు. నడుస్తూ పక్కవాడితో ఊరి కబుర్లు చెప్పుకోవడం, మధ్యాహ్నం కొట్టంలో గడ్డిమోపుల మీద కూర్చుని వేడి సూపు తాగడం, ఎవడి కుక్క ఎవడి సాసేజి ఎత్తుకుపోయిందో తేల్చుకోలేక దెబ్బలాడుకోవడం, ఇవీ అతనికి కావలసినవి. ఎడిత్ పోయాక ఇంట్లో గడియారం చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. చలికాలపు శనివారాల కోసమే అతను మిగతా వారమంతా నెట్టుకొచ్చేవాడు.

ఆ వరసకు ఒక కట్టుబాటు ఉంది. కుక్క లేనివాడికి చోటు లేదు. కుక్క పోయినవాణ్ని మూలకాపుకు పంపుతారు. అంటే అడవి చివర, కంచె సందు దగ్గర ఒంటరిగా నిలబడి, పక్షులు నేలమీద పరుగెత్తి పొరుగువాళ్ల పొలంలోకి జారుకోకుండా కర్రతో గుంజమీద కొడుతూ ఉండాలన్నమాట. కెప్టెన్ బూర ఊది వేట ఆగిందని చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. భోజనం కాగితంలో చుట్టి పంపుతారు, గుర్తుంటే. ఎర్న్ గిటిన్స్ అనే ముసలాయన కుక్క పోయాక మళ్లీ కుక్కను తెచ్చుకోలేదు. అప్పట్నుంచీ ఆయనది మూలకాపే. ఒకసారి మంచు పడుతున్నరోజు అందరూ బూర ఊదడం మరిచి ఇళ్లకు పోయారు. పొద్దుగుంకాక పాలబండివాడు అటుగా వెళ్తూ చూస్తే ఎర్న్ ఇంకా గుంజమీద కొడుతూనే ఉన్నాడట. ఆ సంగతి ఇప్పటికీ కొట్టంలో చెప్పుకుని నవ్వుతారు. హ్యూబర్ట్ కూడా ప్రతిసారీ నవ్వినవాడే. మాస్ పోయాక మాత్రం అతనికి ఆ నవ్వు రావడం మానేసింది.

కెప్టెన్ పేరు గాడ్‌ఫ్రీ బెబ్. సైన్యం ముఖం ఎరగడు. వేటకు పెద్ద కాబట్టి కెప్టెన్. హ్యూబర్ట్‌తో కలిసి బడికి పోయినవాడు, కలిసి బడి ఎగ్గొట్టినవాడు కూడా. మాస్ సమాధి మీద మట్టి ఆరకముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒరేయ్ హ్యూబర్టూ, స్నేహం స్నేహమే, వేట వేటే. దయ్యపుగిన్నెలోకి దూరే కుక్క నీదొక్కటే ఉండేది. నవంబరుకల్లా అలాంటిదాన్నే తెచ్చుకున్నావా, నీ చోటెక్కడికీ పోదు. తెచ్చుకోలేదా, రాతిగని మూలన కాపు చోటు ఖాళీగానే ఉంది మరి."

దయ్యపుగిన్నె అనేది లోయ మధ్యలో ఒక గుంట. దాన్నిండా ముళ్లపొదలు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మొదటి తుపాకీ పేలగానే లోయలోని బలిసిన కోళ్లన్నీ నడుచుకుంటూ వెళ్లి అందులో దూరతాయి. మిగతా కుక్కలన్నీ దాని చుట్టూ తోకలు ఊపుకుంటూ, ఎంతో పని ఉన్నట్టు తిరిగి, ముళ్లు తగలకుండా మర్యాదగా వెనక్కి వచ్చేవి. మాస్ ఒక్కటే కళ్లు మూసుకుని దూకేది.

ఇక జాతి సంగతి. నెటిల్‌హోప్‌లో స్ప్రింగర్, కాకర్ అని రెండు జాతుల కుక్కలున్నాయి. నిజానికవి కుక్కజాతులు కావు, కులాలు. స్ప్రింగర్ కాళ్లు పొడుగు, దూకుతుంది. కాకర్ పొట్టిది, కిందినుంచి దూరుతుంది. పొదల్లోకి ఏది మేలన్న తగువు మీద చర్చిలో కూడా ఊరివాళ్లు నడవకు ఆ పక్కా ఈ పక్కా కూర్చుంటారు. ట్రాంటర్లు తరతరాలుగా స్ప్రింగర్లు. ఎడిత్ కాకర్ల ఇంటి పిల్ల. ఆ పెళ్లి రోజుల్లో ఊరు ఊరంతా చెవులు కొరుక్కుంది. ఎడిత్ చెల్లెలు విన్నీ ఇప్పటికీ అక్కను పరాయి కుక్కల పాలు చేశారనే అంటుంది.

ఆ విన్నీ తన కాకర్ పెప్పర్‌ను చంకన పెట్టుకుని వచ్చింది. "బావా, ఇన్నాళ్లూ మీ మాటే నెగ్గింది. ఈ ఒక్కసారి మా అక్క మొహం చూసైనా కాకర్‌ని తెచ్చుకో" అంది. ఆమె కూర్చున్న కుర్చీ వేడెక్కకముందే గాడ్‌ఫ్రీ తన స్ప్రింగర్ ఫ్లాష్‌ను వెంటేసుకుని దిగాడు. ఇద్దరూ మాటామాటా అనుకుని, దట్టమైన పొదలో ఎవరి కుక్క మేలో అక్కడే తేల్చేద్దామన్నారు. పొద కావాలి కదా, హ్యూబర్ట్ వంటింట్లో ఉతకాల్సిన బట్టలన్నీ గుట్ట పోశారు. ఫ్లాష్ ఆ గుట్ట మీదినుంచి దూకి ఎడిత్ పుట్టింటి పింగాణీ పళ్లేలను నేలపాలు చేసింది. పెప్పర్ గుట్టకింద దూరి, అటునుంచి అటే అల్మరా కింద ఇరుక్కుంది. దాన్ని తీయడానికి అల్మరా కాలు రంపంతో కోయాల్సి వచ్చింది. పోతూ పోతూ ఇద్దరూ తమ కుక్కే గెలిచిందన్నారు. అవతలి జాతిని తెచ్చావో, నీ గుమ్మం తొక్కనని ఎవరికి వారు చెప్పి మరీ వెళ్లారు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. హ్యూబర్ట్ కుంటి అల్మరా పక్కన కూర్చుని ఆలోచించాడు. ఏ కుక్కను తెచ్చినా సగం వరస అతనితో మాట్లాడదు. ఏదీ తేకపోతే రాతిగని మూల, కాగితంలో చుట్టిన భోజనం. మనుషుల మధ్య ఉండటానికి కుక్కను వెతుకుతుంటే ఆ కుక్కే మనుషుల్ని దూరం చేసేట్టుంది. అతనికి మాస్ మీద కూడా కోపం వచ్చింది, ఇంకొక్క ఏడాది ఆగలేకపోయిందా అని.

అప్పుడు తాత మాట ఒకటి గుర్తొచ్చింది. దూకేదీ వద్దు, దూరేదీ వద్దు, మందమైన పొదకు బరువైన కుక్క కావాలి, పక్కకు తప్పుకోలేనిది తిన్నగా పోక ఏం చేస్తుంది అనేవాడాయన. మర్నాడు హ్యూబర్ట్ కొండ అవతల ఉన్న లేకన్ అమ్మగారింటికి వెళ్లాడు. పోయిన పాదిరిగారి భార్య ఆవిడ. ఆయన వేటకు వాడిన, క్లంబర్ అనే బరువైన జాతి కుక్క ఇంకా ఇంట్లోనే ఉంది. తెల్లటి ఒళ్లు, గుమ్మడికాయంత తల, వేలాడే కళ్లు. పేరు బిషప్. ఆవిడ ఆ కుక్కను గారు లేకుండా పిలవదు.

"బిషప్ గారు పరుగెత్తరండీ," అని ఆవిడ ముందే చెప్పేసింది. "వెళ్తారు. ఎక్కడికి వెళ్లాలో ఆయనకు తెలుసు. మధ్యలో మాట్లాడిస్తే ఇష్టపడరు."

బిషప్ గారు లేచి, గది దాటి వచ్చి, గడ్డం హ్యూబర్ట్ బూటు మీద ఆనించి నిద్రపోయారు. పెద్దవాళ్లు కాలిమీద నిద్రపోతుంటే లాక్కోవడం మర్యాద కాదు. హ్యూబర్ట్ టీ తాగాడు. రెండో కప్పూ తాగాడు. లేకన్ అమ్మగారు కోళ్లకు గింజలు చల్లి, దీపం వెలిగించి వచ్చేసరికి కూడా అతని కాలు అక్కడే ఉంది. ఆ కాలికి తిమ్మిరెక్కింది గానీ, ఎడిత్ పోయాక ఇంత సేపు అతని మీద ఎవరూ బరువు పెట్టలేదు. ఇంటికి వచ్చేటప్పుడు హ్యూబర్టూ బిషప్ గారూ కలిసే వచ్చారు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి స్ప్రింగర్లూ కాకర్లూ ఒక్క మాటమీద నిలబడ్డారు, అది కుక్క కాదు సోఫా అని. చర్చిలో నడవ దాటి వచ్చి మరీ ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకున్నారు. గాడ్‌ఫ్రీ మాత్రం మాట తప్పేరకం కాదు. గిన్నె తేల్చాలి అన్నాడు. లోపలికి వెళ్లి పక్షుల్ని లేపితే చోటు ఉంటుంది, లేకపోతే రాతిగని.

నవంబరు మొదటి శనివారం పొద్దున్నుంచీ పొగమంచు. మధ్యాహ్నం భోజనానికి ముందు దయ్యపుగిన్నె వంతు వచ్చింది. పైగట్టున తుపాకీవాళ్లు నిలబడ్డారు. కింద అదిలింపు వరస సిద్ధమైంది. గిన్నె అవతలి ఇరుకు కొసన, కంచె సందు దగ్గర ఎర్న్ పొద్దుటే వెళ్లి నిలుచున్నాడు. హ్యూబర్ట్ బిషప్ గారి తాడు విప్పి, ఏం చెప్పాలో తోచక, "దయచేయండి" అన్నాడు.

బిషప్ గారు దయచేశారు. పొద ముందు ఆగి వాసన చూడలేదు, చుట్టూ తిరగలేదు. తిన్నగా ముళ్లలోకి నడిచారు. లోపల్నుంచి బీరువాను మెట్లమీద దొర్లించినట్టు చప్పుడు వచ్చింది. ఆయన వెళ్లినచోట మనిషి పాకేంత సొరంగం పడింది. వరసలోంచి విన్నీ చిన్నగా, మా అక్క చూసుంటే బాగుండేదంది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. పక్షి ఒక్కటీ లేవలేదు. బిషప్ గారు బయటికి రాలేదు.

చాలాసేపు చూశారు. చూసి చూసి గాడ్‌ఫ్రీ, దారి పడింది కదా, అసలైన కుక్క వెళ్తే ఏమవుతుందో చూడండని ఫ్లాష్‌ను పంపాడు. ఫ్లాష్ దూకింది, మళ్లీ కనబడలేదు. ఫ్లాష్ వెళ్లాక విన్నీ ఊరుకుంటుందా, పెప్పర్‌ను వదిలింది. పెప్పరూ అంతే. ఇక వాళ్లు ఒకర్ని పంపితే వీళ్లు ఒకర్ని పంపుతూ, గొర్రెదాటుగా వరసలోని కుక్కలన్నిటినీ ఆ సొరంగంలోకి తోలేశారు. గిన్నె అన్నిటినీ మింగి నిమ్మళంగా కూర్చుంది. ఈలలు వేశారు. పేర్లు పెట్టి పిలిచారు. లోపల్నుంచి ఒక గురక వినబడింది.

హ్యూబర్ట్‌కు తల కొట్టేసినట్టయింది. రాతిగని మూల కళ్లముందు కనబడింది. బిషప్ గార్ని చెవి పట్టి లాక్కొస్తానని మోకాళ్ల మీద వంగి సొరంగంలోకి పాకాడు. పాకగా పాకగా పొదల నడిమధ్య, ఒక అడవి ఆపిల్ చెట్టుకింద చిన్న ఖాళీ జాగా వచ్చింది. పొగమంచు అక్కడికి రాలేదు. ఎండుటాకులు పరుపులా పడి ఉన్నాయి, వెచ్చగా ఉంది. మధ్యలో బిషప్ గారు నిద్రపోతున్నారు. ఆయన వీపుమీద, పొట్టమీద, తోకమీద తలలు ఆనించి లోయలోని కుక్కలన్నీ నిద్రపోతున్నాయి. పుట్టినప్పటి నుంచీ ఒకచోట నిలవని ఫ్లాష్, పెప్పర్ మెడమీద గడ్డం పెట్టి కల కంటోంది. ఊపిరి తీసుకోవడానికి హ్యూబర్ట్ కాస్త కూలబడ్డాడో లేదో, బిషప్ గారు కళ్లు తెరవకుండానే జరిగి అతని బూటు మీద గడ్డం పెట్టారు. ఇక లేచే ప్రశ్న లేదు.

కొంతసేపటికి గాడ్‌ఫ్రీ తిట్టుకుంటూ పాకి వచ్చాడు. టోపీ ముళ్లకే వదిలేశాడు, చెంప మీద గీతలు పడ్డాయి. తిట్టు సగంలో ఉండగా ఫ్లాష్‌ను చూశాడు. నోరు మూసుకుని, ఎండుటాకుల మీద మెల్లగా కూర్చున్నాడు. అతని వెనక విన్నీ వచ్చింది. వరసలో మిగిలినవాళ్లూ ఒక్కొక్కరుగా వచ్చారు. జాగా చిన్నది కాబట్టి స్ప్రింగర్ల మోకాళ్లు కాకర్ల మోకాళ్లకు తగులుతున్నాయి. తప్పుకుందామంటే చోటు లేదు. ఒకరు జేబులోంచి పంది మాంసం కూరిన రొట్టె తీసి ముక్కలు చేశారు. మరొకరు ముళ్లపండ్లు నానబెట్టిన జిన్ సీసా తీశారు. విన్నీ ఒక గుక్క తాగి, మూతి కూడా తుడవకుండా సీసా గాడ్‌ఫ్రీకి అందించింది. అతను తుడవకుండానే తాగాడు. ఇదంతా గుసగుసల్లోనే జరిగింది. చివరికి గట్టుమీద నిలబడి నిలబడి విసిగిన తుపాకీవాళ్లు, తూటాలు తీసేసిన తుపాకులు చంకలో పెట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ వచ్చారు. వాళ్లకూ జరిగి చోటిచ్చారు.

"బూర ఊదేస్తే అందరం లేచి పోవచ్చుగా" అని ఒక తుపాకీవాడు అడిగాడు.

గాడ్‌ఫ్రీ మెడలో వేలాడే బూరను అరచేత్తో మూశాడు. "ఊదితే ఆయన లేస్తారు" అన్నాడు.

హ్యూబర్ట్ చుట్టూ చూశాడు. లోయ లోయంతా అక్కడే ఉంది. అతని భుజానికి ఒకవైపు విన్నీ భుజం, ఇంకోవైపు గాడ్‌ఫ్రీ భుజం తగులుతున్నాయి. పుట్టిన తర్వాత ఇంత దగ్గరగా ఇంతమంది మధ్య అతనెప్పుడూ కూర్చోలేదు. చోటు పోతుందని వేసవంతా పడిన దిగులు ఆ వెచ్చదనానికి కరిగిపోయింది. హాయిగా ఉంది. మొహాలన్నీ వరసగా చూస్తూ పోయాడు. అన్నీ చూశాక మళ్లీ మొదట్నుంచి చూశాడు.

"ఎర్న్ ఏడీ?"

గాడ్‌ఫ్రీ రొట్టె ముక్క నములుతూ అన్నాడు. "మూలన ఉంటాడులేరా. ఎర్న్ ఎక్కడికి పోతాడు."

అందులో దురుద్దేశం ఏమీ లేదు. అందుకే హ్యూబర్ట్‌కు అది ముల్లులా దిగింది. బిషప్ గారు లేకపోయుంటే ఆ మాటే వచ్చే శనివారం రాతిగని మూల గురించి, తన పేరుతో, ఇదే గొంతుతో అనేవాళ్లు. అతను రెండు చేతులతో బిషప్ గారి తల మెల్లగా ఎత్తి, బూటు వెనక్కి లాక్కున్నాడు. బిషప్ గారు ఒక కన్ను తెరిచారు. హ్యూబర్ట్ మొహంలో ఏం చూశారో, లేచి ఒళ్లు దులుపుకుని, వచ్చిన దారి వదిలేసి ఇరుకు కొసవైపు ముళ్లలోకి తిన్నగా నడిచారు. హ్యూబర్ట్ ఆయన తోక పట్టుకున్నంత పనిచేసి వెనకే పాకాడు.

బయటపడేసరికి ఎదురుగా ఎర్న్ ఉన్నాడు. కంచె సందులో నిలబడి, గుంజమీద కర్రతో తడుతున్నాడు, టక్, టక్ అని, తొందర లేకుండా. అతనికీ గిన్నెకూ మధ్య ఉన్న గడ్డినిండా ఫెజెంట్ కోళ్లు. బిషప్ గారు లోపలికి అడుగుపెట్టగానే లోయలోని కోళ్లన్నీ నేలమీద నడుచుకుంటూ ఇటు వచ్చేశాయి. ఎర్న్ తడుతున్నాడు కాబట్టి దాటలేదు. వెనక గిన్నెలో ఇంతసేపూ గురక వినబడుతూ ఉండబట్టి వెనక్కి పోలేదు. ఎర్న్ వాటిని చూస్తూ, అవి ఎర్న్‌ను చూస్తూ, అలాగే ఉండిపోయారు.

"బూర ఊదారా తమ్ముడూ?" అని అడిగాడు ఎర్న్, చూపు తిప్పకుండా.

"లేదన్నా."

"అయితే నేను కదలకూడదు."

బిషప్ గారు ఆ మందలోకి నడిచారు. పరుగెత్తలేదు. ఒక్కసారిగా గడ్డినేల మొత్తం పైకి లేచినట్టయింది. రెక్కల చప్పుడుకు హ్యూబర్ట్ మాట అతనికే వినబడలేదు. ఎర్రగా, బంగారుగా, పొడుగు తోకలతో కోళ్లన్నీ పొగమంచును చీల్చుకుని పైకెళ్లి, ఖాళీగా ఉన్న గట్టుమీదుగా, ఒక్క తుపాకీ కూడా లేని ఆకాశంలోకి పోయాయి. నెటిల్‌హోప్‌లో అలాంటి లేపుడు అంతకు ముందు ఎవరూ చూడలేదు. బిషప్ గారు తనకు పాదిరిగారు నేర్పిన పద్ధతి ప్రకారం తిన్నగా కూర్చుని, అవి కనుమరుగయ్యేదాకా చూశారు. ఎర్న్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ముసలాయన కళ్లు తడిశాయి, దాచుకోలేదు.

"నా కుక్క పోయాక ఇటువైపు ఎవడైనా రావడం ఇదే" అన్నాడు.

"మరి ఇంకోదాన్ని ఎందుకు తెచ్చుకోలేదన్నా?"

"నేను ముందు పోతే దాని గతేంటి? దాన్నీ ఏదో మూలన నిలబెడతారు."

గిన్నె మీదినుంచి బూర వినబడింది. రెక్కల చప్పుడు విని ఊది ఉంటారు. కొట్టంలో సూపు తాగుతూ ఇద్దరూ చూసింది చూసినట్టు చెప్పారు. అన్ని కోళ్లంటే ఒక్కరూ నమ్మలేదు. మూలకాపు మాట ఎవడు నమ్మాడు గనక. అయినా గాడ్‌ఫ్రీ లేచి, గిన్నెలోకి దూరమన్నాం, దూరారు, పక్షులు లేచిన చప్పుడు మనమూ విన్నాం, హ్యూబర్ట్ చోటు హ్యూబర్ట్‌దేనని అందరిముందూ ప్రకటించాడు. స్ప్రింగర్లూ కాకర్లూ కలిసి చప్పట్లు కొట్టారు. నవంబరుదాకా హ్యూబర్ట్ బతికింది ఆ ఒక్క మాట కోసమే. విని, కృతజ్ఞతలు చెప్పి, వచ్చే శనివారం తనను ఎర్న్ పక్కన వేయమన్నాడు. మూలకు ఇద్దరెందుకురా అని గాడ్‌ఫ్రీ ఆశ్చర్యపోయాడు. ముగ్గురం అన్నాడు హ్యూబర్ట్.

ఆ శనివారం వాళ్లు వెళ్లేసరికి ఎర్న్ కంచె సందు దగ్గర రెండు బకెట్లు బోర్లించి, వాటిమీద గోనెసంచులు మడిచి వేసి ఉంచాడు. ఇద్దరూ కూర్చుని గుంజమీద వంతులవారీగా తడుతూ, ఊళ్లోవాళ్లందరి గురించీ తీరిగ్గా చెప్పుకున్నారు. బిషప్ గారు కాసేపు గాలి వాసన చూసి, ఎర్న్ దగ్గరికి వెళ్లి, గడ్డం ఆయన బూటు మీద పెట్టి నిద్రపోయారు. దూరంగా బూర మోగింది. వరస కర్రలు భుజాన వేసుకుని కొట్టం వైపు నడుస్తోంది. హ్యూబర్ట్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"బూర ఊదారన్నా. ఇక కదలొచ్చు."

"ఊదితే ఊదారులే," అన్నాడు ఎర్న్, కాలివైపు చూపిస్తూ. "ఎలా కదలమంటావ్?"

హ్యూబర్ట్ మళ్లీ బకెట్ మీద కూర్చున్నాడు.